కురవకముందే

నౌపడ ఉప్పు మడుల గట్టు మీద
రెండు పనస చెక్కలు తాళ్లతో కాళ్లకి కట్టుకుని
ఉప్పుకుప్ప నెత్తి మీంచి జారాడు ఢిల్లేశ్వరరావు.
మూడు బారలు జారి, బోర్లా పడి,
నోట్లో ఉప్పు ఉమ్ముతూ అన్నాడు:
"ఇదీ మంచూ ఒకటి కాదర్రా.
ఇది పట్టుకుని లాగుతాది. అది వదిలేస్తాది."

పద్దెనిమిదేళ్లు పటాలంలో చేశాడు.
గుల్మార్గ్‌లో స్కీలు తొడిగిన కాళ్లు అవి.
కుడి మోకాలు సగం అక్కడే ఎక్కడో వదిలేసి వచ్చాడు.

మిగతా మేం ఐదుగురం.
టెక్కలి ఆస్పత్రి నర్సు నీలవేణి,
జీడిపిక్కల బట్టీ కాడ లెక్కలు రాసే గవరయ్య,
ఆటో తాతబాబు, డిగ్రీ రెండోసారి తప్పిన వాడి చెల్లెలు హేమసుందరి,
ఉప్పు కాటా దగ్గర చీటీలు చింపే నేను.
మాలో ఒక్కరం మంచుని చూసింది లేదు,
ఫ్రిజ్జు లోపలి గోడకి తప్ప.

ఫిబ్రవరిలో వెళ్దాం అంటే చాలదంట.
ఏ ఫిబ్రవరి? అందులో ఏ మంగళవారం?
కురిసిన మంచు మొదటి రెండు రోజులే పొడి,
బియ్యప్పిండి జల్లెడ పట్టినట్టు.
ఎండకి కరిగి, రాత్రికి బిగిసి,
నాలుగో రోజుకి అడుగంటిన గిన్నె.
మనకేమో రైల్లోనే మూడు రాత్రులు.
"కురిసిందని విని బయల్దేరితే
ఎత్తేసిన విస్తళ్ల కాడికి బోయినానికి ఎల్లినట్టే.
పడకముందే ఎక్కాల."

అంచనాలు వినడం మాకెవరూ నేర్పక్కర్లేదు.
అ ఆలు రాకముందే మాకు వాయుగుండం వచ్చు.
కళింగపట్నంలో ఎన్నో నంబరు ఎగరేశారో వింటే చాలు
ఎన్ని బస్తాలకి టార్పాలిన్ కప్పాలో చేతులకే తెలుసు.
తీరం దాటేది ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంత గాలితో,
పొయ్యి మీది అన్నం దించకుండానే చెప్పేస్తాది మా అమ్మ.
పడిపోయిన కొబ్బరిచెట్టు తల ఎటుందో చూసి
అది ఏ ఏటి తుఫానో చెప్పగలడు గవరయ్య.
అయితే ఎప్పుడూ మా మొక్కు ఒకటే:
ఎటన్నా పో తల్లీ, మా మీదికి మాత్రం రాకు.

ఇప్పుడు ఒక్క ఫోను చుట్టూ ఆరు తలలు పెట్టి
పడమటి నుంచి రావలసిన అలజడిని
అలివి వల లాగినట్టు లాగుతున్నాం.
ఆదివారం, నలభై సెంటీమీటర్లు అంది.
నీలవేణి మూడు రాత్రి డ్యూటీలు అప్పు పడింది.
సోమవారం పద్దెనిమిదికి దిగింది.
గవరయ్య తత్కాల్ డబ్బులు వెనక్కిమ్మన్నాడు.
మంగళవారం యాభై ఐదు!
తాతబాబు ఆటోకి కొత్త నిమ్మకాయ కట్టాడు.
బుధవారం సిగ్నల్ లేదు.

ఆ చీకట్లో, మొదటిసారి, నాకు సిగ్గేసింది
విరుచుకు పడమని ఆకాశాన్ని అడుగుతున్నందుకు.
అక్కడ ఎవరి కప్పు మీద పడుతుందో అది,
ఎవరి దారి మూసుకుపోతుందో,
పొయ్యి మీది అన్నం దించకుండా
ఏ అమ్మ వింటోందో.
పైకే అనేశాను.
కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.
హేమసుందరి అంది:
"ఉప్పు పండాలని నువ్వు ఎండ కోరిన రోజుల్లో
పక్క పొలాలోళ్లు వాన కోరలేదేటి?"
అది జవాబో కాదో ఇప్పటికీ తెలీదు.

పలాస స్టేషన్లో రాత్రి పదకొండు.
పెసరపచ్చ ఉన్ని టోపీలు, వాటి కింద చెమట.
రెండు కిలోల జీడిపప్పు, డబ్బాడు చేగోడీలు,
మోకాలికి నువ్వులనూనె సీసా.
తాజా మాట: ఇరవై రెండు, కాదంటే ఏడు.
"ఏడంటే ఎంతుంటాది?" అంది నీలవేణి.
ఢిల్లేశ్వరరావు చూపుడువేలు నిలబెట్టాడు.
ఆ వేలు కేసి అందరం చూస్తుండగా
కాళ్ల కింద ప్లాట్‌ఫారం సన్నగా అదిరింది.

"అన్నట్టు, బూట్లు దులుపుకోండర్రా," అన్నాడు.
"ఉప్పు తగిల్తే కరిగిపోతాది."

ఆరుగురం వరసగా బెంచీ మీద కూర్చుని
బూట్లు విప్పి దులుపుతున్నాం.
రైలు వచ్చేస్తోంది.